వాలు

గన్నవరం రన్‌వే మీద నా చేతుల్లో ఇప్పటికి నలభై ఒక్క విమానాలు పోయాయి. ఆ లెక్క నాది కాదు, మా మేనల్లుడిది. వాడి కంప్యూటరు, వాడి జాయ్‌స్టిక్, వాడి గది. పడగొట్టడం ఒక్కటే నా వంతు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, కాలేజీ దగ్గరని మా ఇంట్లోనే ఉంటాడు. నలభయ్యోది పోయిన రాత్రి తన నోట్‌బుక్కులో ఒక గీత గీసి, "మావయ్యా, మీరు సరిగ్గా దిగేసరికి కృష్ణా పుష్కరాలు మళ్ళీ వచ్చేస్తాయి" అన్నాడు.

ఎగరడం రెండో రోజే వచ్చేసింది. అందులో పెద్ద విద్యేమీ లేదు. ఇంజను పూర్తిగా ఇచ్చి, ముక్కు రన్‌వే గీత మీద నిలిపి, వేగం అందాక కర్రని కాస్త వెనక్కి లాగితే చాలు, అదే లేస్తుంది. పైకెళ్ళాక ఆకాశమంతా మనదే. ఎటు తిప్పినా తగలడానికి ఏమీ లేదు. దించడం దగ్గరే వచ్చింది చిక్కు.

నేను ముప్పై మూడేళ్ళు ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. కృష్ణా డెల్టాలో ఆ ఉద్యోగమంటే చేతిలో లెవెలు పుస్తకం, ఎదర స్టాఫ్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, మోకాళ్ళ దాకా బురద. పనంతా వాలు చూడటమే. మా నేల అరచెయ్యంత చదునని రైల్లో పోయేవాళ్ళు అనుకుంటారు. నీళ్ళు ఒప్పుకోవు. మనిషి కంటికి ఆనని వాలు నీటికి ఆనుతుంది, అది చూసుకునే సముద్రం దాకా పోతుంది. కాలవలో మైలుకి ఒక అడుగు వాలు దొరికితే మాకు పండగే. అలాంటి వాడికి విమానాల వాళ్ళు చెప్పే వాలు మూడు డిగ్రీలు. కాగితం మీద లెక్కేసి చూశాను, మైలుకి 276 అడుగులు! డెల్టాలో అంత వాలు కనిపిస్తే దాన్ని మేం వాలు అనం, గండి అంటాం. ఇసక బస్తాలు తెమ్మని పరిగెడతాం.

నా కన్ను ఆ గండిని ఒప్పుకోలేదు. ఎక్కడో దూరాన్నే కిందికి దిగిపోయి, కాలవ గట్టు మీద సైకిల్ తొక్కినట్టు వరి పొలాల మీదుగా పాక్కుంటూ వచ్చేవాణ్ణి. రన్‌వే ఇంకా అరమైలు ఉండగానే కొబ్బరి చెట్టో, ఎవరి డాబా మీది నీళ్ళ ట్యాంకో తగిలేది, తెర నల్లబడేది. అది తప్పని తెలిశాక ఎత్తున వచ్చాను. ఎత్తున వస్తే రన్‌వే కాళ్ళ కిందికి వచ్చేదాకా దిగడానికి వీల్లేక, చివర్న గద్ద కోడిపిల్ల మీద పడ్డట్టు పడేవాణ్ణి. అప్పుడు పోయినవి పద్దెనిమిది.

మేనల్లుడు చెప్పాడు, రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి, వాటిని చూడమని. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తున ఉన్నట్టు, నాలుగూ ఎర్రబడితే మరీ కిందికి జారినట్టు, రెండు తెలుపు రెండు ఎరుపు అయితే దారిలో ఉన్నట్టు. చక్కని ఏర్పాటే. కానీ దీపాలు కనిపించేసరికి నా బతుకు సగం తేలిపోయేది. అంతకు ముందు నుంచే ఏదో ఒక ఆనవాలు కావాలి. నాకు తెలిసిన ఆనవాలు ఒకటే, బెంచ్ మార్కు. పాత వంతెన గోడ మీదో, లాకు రాతి మీదో చెక్కి ఉండే గుర్తు. దాని ఎత్తు తెలిస్తే మిగతా ఊరంతటి ఎత్తూ తెలుస్తుంది.

పడమటి నుంచి, అంటే బెజవాడ మీదుగా, గన్నవరం దిగే దారిలో నా బెంచ్ మార్కులు నేనే పెట్టుకున్నాను. రన్‌వే నుంచి వెనక్కి గీత గీస్తే అది ఇంచుమించు ఇంద్రకీలాద్రి దగ్గరికి పోతుంది. గాలి దారిలో సుమారు ఇరవై కిలోమీటర్లు, వాళ్ళ నాటికల్ మైళ్ళలో పదకొండు. నాటికల్ మైలుకి మూడొందల అడుగులని పైలట్ల మోటు లెక్క. కాబట్టి దుర్గమ్మ కొండ దగ్గర 3300 అడుగుల మీద ఉండాలి. ఎనికేపాడు దగ్గర 1700. అక్కడ కాలవల కింద నుంచి బుడమేరు వాగు దాటే అండర్ టన్నెల్, మా భాషలో యూటీ, ఉంది, దాని ముందు ఎన్ని వానాకాలాలు నిలబడ్డానో నాకే తెలుసు. కేసరపల్లి పొలాలకి వచ్చేసరికి ఐదారొందలు. అంతే. ఆ మూడు గుర్తులు కుదిరిన రోజున మొదటిసారి విమానం విరక్కుండా దిగింది. దిగిందని కాదు, ఆగిందని అనాలి. మధ్యలో మూడుసార్లు కప్పలా గెంతింది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఈ సిమ్యులేటరు పటం ఉపగ్రహం ఫొటోలతో చేసింది. ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకసారి ఎనికేపాడు మీద చూపు కిందికి పోయింది. పోతే, మేం పూడిక తీయించిన చోటు, పక్కన తుమ్మచెట్టు, ఆ చెట్టు కింద కాంట్రాక్టరుతో పడ్డ గొడవ, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. తల ఎత్తేసరికి ఇరవై మూడోది. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ బుడమేరే పొంగి సింగ్‌నగర్‌ని ముంచింది. సిమ్యులేటర్లో ఆ వీధులు ఎప్పుడు చూసినా పొడిగానే ఉంటాయి. వాన పెట్టమంటే పెడుతుంది గానీ బుడమేరు మాత్రం కదలదు.

అప్పుడే ఒక మాట తట్టింది. మనం పిట్ట దిగిందని అనం, వాలిందంటాం. ఎడ్లబండి దిగుతాం, బస్సు దిగుతాం, మెట్లు దిగుతాం. కొంగ మాత్రం మడిలో వాలుతుంది. వాలంటే ఏటవాలు, వాలడమంటే వచ్చి కూర్చోవడం. రెండింటికీ ఒకటే మాట. కొల్లేరు దగ్గర ఆటపాక వెళ్ళి గూడబాతులు రావడం చూడండి. అంత బరువైన పక్షి నీటికి ఎంతో దూరాన్నుంచే రెక్కలు బిగించి, ఒక్క గీత పట్టుకుని జారుతూ వస్తుంది. చివర్న కాళ్ళు ముందుకు చాచి నీళ్ళని గీరుకుంటూ కూర్చుంటుంది. నీటిని తాకడం ఆ గీతకి చివరి అక్షరం లాంటిది, అంతకన్నా ఏమీ కాదు. ల్యాండింగ్ అంటే చక్రం నేలకి తగలడమని ఇన్నాళ్ళూ నేననుకున్నాను. వాలడమనే మాట పుట్టించినవాడెవడో గాని, నలభై ఒక్క విమానాలు విరక్కొట్టకుండానే ఆ సంగతి తెలుసుకున్నాడు.

ఇక ఆ చివరి అక్షరం. మూడు డిగ్రీల వాలులోనే నేలకి పోతే చిన్న విమానమైనా దబ్బున పడుతుంది. అందుకని రన్‌వే మీదికి వచ్చాక, చివరి ఇరవై అడుగుల్లో, ముక్కు కొద్దిగా ఎత్తి, ఇంజను తగ్గించి, ఆ వాలుని విరవాలి. దాన్ని ఫ్లేర్ అంటారు. కొద్దిగా అంటే ఎంత? ఎప్పుడు? ఎవరూ చెప్పలేరు. ముందుగా ఎత్తితే విమానం మళ్ళీ గాల్లోకి లేచి, అక్కడ వేగం చచ్చి, దబేలుమని పడుతుంది. ఆలస్యమైతే అసలు ఎత్తనట్టే. నేను రన్‌వే ఎంత దగ్గరకొచ్చిందా అని ముక్కు కిందికే చూసేవాణ్ణి. నేల పరుగెత్తుకొచ్చేది, గుండె జారేది, చెయ్యి గుంజేది. "కిందికి కాదు మావయ్యా, రన్‌వే ఆ చివర చూడండి" అని మేనల్లుడు మొత్తుకునేవాడు.

నాకది అంతకు ముందే ఒకరు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లాకు దగ్గర షట్టరు దింపించే పని పడింది. పెద్ద ఇనప తలుపు, పైన మరచక్రం, తిప్పేది ఒక ముసలి లస్కరు. తలుపు చివరి బెత్తెడు దిగేటప్పుడు కింద నీళ్ళు సన్నని సందులోంచి చీల్చుకుని పోతుంటాయి, తలుపు వణుకుతుంది. అది గడప మీద కూర్చోవాలి, పడకూడదు. పడితే సీలు పోతుంది, ఏడాదంతా కారుతుంది. నేను గట్టు మీద వంగి తలుపు కిందికే చూస్తూ "ఇంకాస్త, ఇంకాస్త" అని అరుస్తున్నాను. ఆయన చక్రం ఆపి, "తలుపునేం చూస్తారండీ ఇనస్పెక్టరు గారూ, అవతల నీళ్ళని చూడండి" అన్నాడు. దిగువ కాలవలో నురగ సద్దుమణుగుతూ వచ్చింది. ఆ నురగని చూస్తూనే ఆయన చెయ్యి నెమ్మదించింది. తలుపు కూర్చున్న చప్పుడు కూడా వినపడలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంటే గాని ఆ మాట నాకు అర్థం కాలేదంటే, ఆ లస్కరు కన్నా నాకు జీతం ఎందుకు ఎక్కువిచ్చారో ప్రభుత్వమే చెప్పాలి.

రన్‌వే చివర చూడటం మొదలుపెట్టాక కంటి పక్కల నుంచి నేల లేచొస్తున్నది తెలుస్తుంది. చూడకుండా తెలుస్తుంది. చెయ్యి దానంతటదే సరిపోతుంది.

మా ఆవిడ దీన్ని బొమ్మలాట అంటుంది. "మనవలు ఆడుకోవాల్సిన వయసులో మీరు ఆడుతున్నారు" అని కూరలు తరుగుతూ వంటింట్లోంచే వేస్తుంది. బొమ్మలాట కాదని చెప్పడానికి నేను చరిత్ర తీస్తాను. అమెరికాలో ఎడ్విన్ లింక్ అని ఆర్గన్లు తయారుచేసే ఇంటి పిల్లవాడు ఉండేవాడు. విమానం నేర్చుకుందామంటే గంటకి బోలెడు డబ్బు. ఇంట్లో ఉన్నవి ఆర్గన్ తిత్తులు, గాలి గొట్టాలు. మన నాటకాల హార్మోనియం తిత్తికి పెద్దన్నలనుకోండి. వాటితోనే ఒక చెక్క విమానాన్ని పైకీ కిందికీ పక్కలకీ ఊగేట్టు కట్టాడు, 1929లో. మొదట జనం దాన్ని తిరునాళ్ళ రంగులరాట్నంలాగే చూశారు. 1934లో అమెరికా సైన్యం టపా మోయడానికి దిగి, మబ్బుల్లో దారి తెలియక వరసగా పైలట్లు చనిపోతే, అప్పుడు ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది ఆ తిత్తుల మీదే నేర్చుకున్నారు. మన హైదరాబాదులోనూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో కాళ్ళ మీద లేచి ఊగే పెద్ద సిమ్యులేటర్లు ఉండేవి. ఇదంతా విని మా ఆవిడ, "వాళ్ళకి జీతాలిచ్చారు" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ ఊగే సిమ్యులేటరుకీ నా ప్లాస్టిక్ కుర్చీకీ ఒక తేడా ఉంది. పైలట్లు కూర్చున్న చోటుతో కూడా ఎగురుతారు. విమానం జారినా, మునిగినా ముందు నడుముకి తెలుస్తుంది, తర్వాత కళ్ళకి. నా నడుముకి తెలిసేది కుర్చీ స్పాంజి అరిగిందని మాత్రమే. అందుకని బల్ల మీద దించడం ఒక లెక్కన ఇంకా కష్టమే. ఇది నేను నా గొప్ప కోసం చెబుతున్నానని మీరు అనుకుంటే అడ్డు చెప్పను.

విరగ్గొట్టడం తగ్గాక ఇంకో జబ్బు పట్టుకుంది. అంకె జబ్బు. మేనల్లుడు ఏదో చిన్న ప్రోగ్రాం వేశాడు. చక్రం తగలగానే ఎంత జోరుగా తగిలిందో తెర మూల చూపిస్తుంది, నిమిషానికి ఇన్ని అడుగులని. నాకు మొదట 480 వచ్చింది. తర్వాత 310. తర్వాత 190. ఇక నిద్ర లేదు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి 62 వచ్చింది. ఆ అంకెని ఫోనుతో ఫొటో తీసి, చూపించడానికి ఎవరూ లేక, పాలవాడు వచ్చేదాకా వరండాలో కూర్చున్నాను.

ఈ అంకెకి అర్థమేమిటో తర్వాత తీరిగ్గా లెక్క కట్టాను. నిమిషానికి 600 అడుగులంటే సెకనుకి మూడు మీటర్లు. దాదాపు ఒకటిన్నర అడుగు ఎత్తున్న అరుగు మీంచి దూకితే అంతే వేగంతో నేలకి తగులుతాం. పెద్ద విమానాల చక్రాలు ఆ మాత్రం దెబ్బ తట్టుకునేట్టు కడతారు. నిమిషానికి నూరు అడుగులంటే సెంటీమీటరున్నర కూడా లేని ఎత్తు. నా 62 అయితే గడప మీది ముగ్గు దాటినంత. ఎత్తు తేడా చూస్తే ఇంతే. దీని కోసం నేను రాత్రిళ్ళు కాల్చుకున్నాను.

పైగా ఆ 62 ఎలా వచ్చింది? మెత్తగా తాకాలని ముక్కు ఎత్తి పట్టుకుని, ఇంకాస్త, ఇంకాస్త అంటూ రన్‌వే మీద తేలిపోయాను. నేలకి దగ్గరైతే రెక్క కింద గాలి దిండులా పట్టుకుంటుంది, విమానం దిగనంటుంది. గన్నవరం రన్‌వే ఇప్పుడు 3360 మీటర్లు, ప్రకాశం బ్యారేజీలు రెండు ముప్పావు పట్టేంత పొడవు. పొడిగించక ముందు 2286 ఉండేది. ఆ పాత పొడవే ఉండి, నా చేతిలో పెద్ద విమానమే ఉంటే, ఆ ఫొటో వెనక కంచె కూడా పడేది. ప్రోగ్రాం ఎంత మెత్తగా తగిలిందో చెప్పింది గాని ఎక్కడ తగిలిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అది ఆటలో. 2010 మే 22న మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన విమానం ఎత్తున, వేగంగా వచ్చింది. వాలు కుదరలేదు. కో-పైలట్ మూడుసార్లు వద్దని, మళ్ళీ లేచి తిరిగి వద్దామని చెప్పాడు. 8033 అడుగుల రన్‌వేలో 5200 అడుగులు దాటాక గాని చక్రం పూర్తిగా నేల మీద కూర్చోలేదు. గుట్ట మీద కట్టిన రన్‌వే అది, చివర లోయ. 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. పదేళ్ళకి, 2020 ఆగస్టు 7న, కోళికోడ్‌లో వానలో, వెనక గాలిలో, మరో విమానం సగం రన్‌వే దాటాక తాకింది. మళ్ళీ గుట్టే, మళ్ళీ లోయే. ఆ నివేదికలు చదివిన వారం రోజులు కంప్యూటరు ముట్టలేదు. తర్వాత ఆ అంకె చూపించే ప్రోగ్రాంని తీసెయ్యమన్నాను. "తీసెయ్యడమెందుకు, పక్కన రన్‌వే మొదటి నుంచి దూరం కూడా చూపించేట్టు పెడతా" అన్నాడు వాడు. వాడు నాకన్నా తెలివైనవాడు.

అసలు మెత్తగా వాలడం గురించి నీళ్ళ మీద దిగేవాళ్ళని అడగాలి. 2024 నవంబరు 9న మన పున్నమి ఘాట్ నుంచి సీప్లేన్‌ని శ్రీశైలం పంపించి చూశారు, ముఖ్యమంత్రి కూడా ఎక్కారు. నేను టీవీలో చూశాను. అందరూ లేవడం చూశారు, నేను దిగడం కోసం కాచుక్కూర్చున్నాను. నీటి మీద అన్నిటికన్నా కష్టం ఎప్పుడో తెలుసా? అలలున్నప్పుడు కాదు, నీరు అద్దంలా ఉన్నప్పుడు. అద్దంలో ఆకాశమే కనిపిస్తుంది, నీరెక్కడుందో ఎంత పండిన కన్నుకీ ఆనదు. ఇంకా ఇరవై అడుగులుందనుకుంటే అప్పటికే మునిగి ఉంటారు, వచ్చేశామనుకుంటే ఇంకా గాల్లోనే ఉంటారు. అందుకని అలాంటప్పుడు వాళ్ళు ఎత్తు అంచనా కట్టడం మానేస్తారు. ముక్కు కాస్త ఎత్తి, ఇంజను కొద్దిగా ఉంచి, సన్నని వాలు ఒకటి పట్టుకుని, అలాగే ఉండిపోతారు. నీరు వచ్చినప్పుడు వస్తుంది. చలికాలం పొద్దున్నే బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా, గాలి లేకుండా ఉంటే ఎలా మెరుస్తుందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ అదెంత అందమో అనుకున్నాను. ఇప్పుడు దాన్ని చూస్తే చెయ్యి బిగుసుకుంటుంది.

పోయిన ఆగస్టులో అమ్మని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్ళి విమానంలో తీసుకొచ్చాను. ఎనభై నాలుగేళ్ళు, అదే మొదటిసారి ఎక్కడం. వచ్చేటప్పుడు వాన. కిటికీ మీద నీళ్ళు అడ్డంగా పరిగెడుతున్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నేను ముందు సీటు పట్టుకున్నాను. కింద పొలాలు, కాలవ, రోడ్డు మీద లారీల దీపాలు. ఇంజను చప్పుడు ఒకే తీరుగా ఉంది, ఎక్కడా హడావిడి లేదు. వాలు కుదిరిందని నాకు తెలిసిపోయింది. తర్వాత దబ్బుమని తగిలింది. పైన సామాన్ల పెట్టెలు గలగలమన్నాయి. వెనకాయన "వీడెవడో ఇటుకల లారీ తోలినవాడు" అన్నాడు, నలుగురు నవ్వారు.

అమ్మ "దిగామా?" అంది. దిగామన్నాను.

తడి రన్‌వే మీద అలాగే దించాలి. మెత్తగా వాలితే చక్రానికీ నేలకీ మధ్య నీటి పొర మిగిలిపోయి చక్రం జారుతుంది, బ్రేకు పట్టదు. గట్టిగా తగిలితే ఆ పొర చీలి రబ్బరు నేలని పట్టుకుంటుంది. వెనకాయనకి చెబుదామనుకున్నాను గాని అమ్మ చెప్పులు వెతకడంలో పడ్డాను. దిగేటప్పుడు కాక్‌పిట్ తలుపు దగ్గర కెప్టెన్ నిలబడి ఉంది. మా అమ్మాయి వయసుంటుంది. "మంచి ల్యాండింగ్ అమ్మా" అన్నాను. వెటకారం అనుకుంది కాబోలు, ముఖం కొంచెం ముడుచుకుని, "రన్‌వే తడిగా ఉంది సర్" అంది. "తెలుసు, అందుకే అన్నాను" అనేలోపు వెనకనుంచి జనం తోశారు.

నిన్న రాత్రి సిమ్యులేటర్లో వాన పెట్టుకుని దించాను. దుర్గమ్మ కొండ దగ్గర 3300, ఎనికేపాడు దగ్గర 1700. తగిలిన జోరు 231. రన్‌వే మొదటి నుంచి పదకొండు వందల అడుగుల దూరంలో.